ఫైలు పైన ఒక లైను

ఆ ఫైలు మొదటి లైనులో మూడు అంకెలు ఉండేవి. ఏడు, ఎనిమిది, ఆరు. వాటి కింద నుంచి పేషెంట్ల పేర్లు మొదలయ్యేవి. ఆ మూడు అంకెలను తీసేసింది నేను. ఎవరికీ చెప్పకుండా తీసేశాను. ఇంతమాత్రం రాయడానికి నాకు చాలా నెలలు పట్టింది. నోరున్న మనిషినని నాకు పేరు. ఆ నోరు ఈ ఒక్క విషయంలో పెగల్లేదు.

నేను పనిచేసేది దబీర్‌పురా రైల్వే స్టేషన్ వెనకాల ఉన్న ఒక మూర్ఛ రోగుల దవాఖానాలో. ఒక ధర్మ సంస్థ నడుపుతుంది, పేరు అనవసరం. డాక్టర్లు ఇక్కడ చూస్తారు. మందులు మాత్రం బహదూర్‌పురాలో, జూపార్కు వైపు ఉన్న మా ఇంకో గదిలో ఇస్తారు, ఇక్కడ అల్మారా పెట్టడానికి కూడా చోటు లేదు కనుక. నా పని రికార్డులు. ప్రతి పేషెంటుకు ఒక కార్డు, కార్డుకు ఒక నంబరు, ఆ నంబరు మీద చివరిసారి ఫిట్స్ వచ్చిన తేదీ, ఏ మాత్ర, పూటకు ఎన్ని. ఇదంతా కంప్యూటర్‌లో డేటాబేసులో ఉంటుంది. నెలకోసారి, మొదటి గురువారం, ఆ నెల మందులు అందవలసినవాళ్ళ జాబితాను అందులోంచి తీసి ఒక ఫైలులో పెట్టి బహదూర్‌పురాకు పంపాలి. అక్కడి కంప్యూటర్ ఆ ఫైలును చదివి ఒక్కో పేరుకు ఒక్కో చీటీ అచ్చువేస్తుంది. చీటీ అంటించిన పొట్లమే మనిషి చేతికి ఇస్తారు. చీటీ లేకపోతే పొట్లం లేదు. ఎప్పుడో మా మాత్రలు బయట మందుల షాపుల్లో కనబడ్డాయని ఆ నియమం పెట్టారు. నియమాన్ని తప్పుపట్టను. నేనే గట్టిగా వాదించి పెట్టించాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ మాత్రలు ఆపకూడదు. ఏళ్ళ తరబడి ఫిట్స్ రాని మనిషికి కూడా, ఉన్నట్టుండి మాత్ర ఆగితే, తిరిగి వస్తుంది. మా గోడ మీద మూడు భాషల్లో పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది ఈ ఒక్క మాటే.

జాబితా తీసే పద్ధతి పాతది. రంగుల బటన్లు ఉండవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. అడగవలసింది టైపు చేసి ఎంటర్ కొడితే జవాబు తెర మీద బారులుగా పారుతుంది. ఆ పారేదాన్ని తెర మీదికి కాకుండా ఫైలులోకి మళ్ళించాలి. చెప్పినంత తేలిక కాదు. ఆ ప్రోగ్రాముకు మాటకారితనం ఎక్కువ. పైన తన పేరు చెప్పుకుంటుంది, ప్రతి పేజీకీ శీర్షికలు వేస్తుంది, శీర్షికల కింద గీతలు గీస్తుంది, చివర ఇన్ని వరుసలు తీశానని ప్రకటిస్తుంది. మనుషులు చదివేటప్పుడు ఇవన్నీ బాగుంటాయి. ఫైలును చదివేది ఇంకో యంత్రం అయినప్పుడు ఇదంతా చెత్త. ఆ నోరు మూయించి, ఒట్టి పేర్లు మాత్రమే రాబట్టడం ఒక విద్య.

ఆ విద్యను మా దవాఖానాకు తెచ్చిన మనిషిని అందరం భాయ్ అనేవాళ్ళం. రైల్వేలో పనిచేసి రిటైరై వచ్చాడు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. అయినా నన్ను బాజీ అని, అంటే అక్కా అని, పిలిచేవాడు. నేను స్టాటిస్టిక్స్ చదివిన డిగ్రీ మనిషిని, ఆయన ఇంటర్ కూడా దాటలేదు. ఆ సంగతి నేను ఆయనకు రెండు మూడుసార్లు గుర్తుచేసిన మాట నిజమే. ఆయన పక్కనే నా టేబుల్. రైలు పోతే రెండు టేబుళ్ళూ కలిసి వణికేవి.

ఫైలు పైన ఆ అంకె ఉండటం నాకు మొదటినుంచీ నచ్చలేదు. ఏ కాగితం మొదలుపెట్టినా పైన 786, అంటే అంకెల్లో బిస్మిల్లా, వేసి మొదలుపెట్టడం ముస్లింల అలవాటు. దుకాణం బోర్డు మీద, ఆటో అద్దం మీద, పెళ్ళి కార్డు మీద చూస్తూ పెరిగినదాన్నే. కానీ ఫైలు వేరు కదా అని నా వాదన.

“భాయ్, ఇది పెండ్లి కార్డు గాదు. డేటా. పైన ఈ నంబర్ ఏంది?”

“రహ్నే దో బాజీ, ఉండనియ్యి. ఒక్క లైనే గదా. నిన్ను తింటదా ఏంది?”

“డేటా అంటే డేటనే. దేవుడైనా సరే, దాంట్లకు రావాలంటే కార్డు తీస్కోవాలె. ఫిట్స్ ఎన్నేండ్ల నుంచి ఉన్నయో చెప్పాలె.”

ఆయనకు కోపం రాలేదు. ఒకసారి నా టేబుల్ మీద కిరాణా చీటీ ఉంటే ఒక వేలితో తన వైపు జరుపుకున్నాడు. కళ్ళద్దాలు పైకెత్తి చదివాడు.

“కందిపప్పు రెండు కిలోలు. చింతపండు అర కిలో. సర్ఫ్ ప్యాకెట్ ఒకటి. సరే బాజీ, పైన ఈ ‘శ్రీ’ ఎన్ని కిలోలు?”

పక్కన ఊడుస్తున్న ఆయా నవ్వింది. నాకు నవ్వు వచ్చినా మింగేశాను.

“అది చేతిరాత భాయ్. చెయ్యి దానంతట అదే రాస్తది.”

“నాది గూడ గంతే బాజీ.”

ఇంకొక రోజు నేను నిజంగానే పోట్లాటకు దిగాను. ఎవరో పెద్ద డాక్టర్ వచ్చి ఫైలు చూసి ఇదేమిటని అడిగాడు, నాకు తలవంపులుగా అనిపించింది. ఆయన పోయాక భాయ్‌ని పట్టుకున్నాను. భాయ్ కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. ఎప్పుడూ అలా తిప్పుకునేవాడు కాదు.

“అసల్ మే బాజీ, వో లైన్ ఇసీలియే...”

ఆ లైను ఎందుకంటే, అని మొదలుపెట్టాడు. నేను పూర్తిచెయ్యనియ్యలేదు.

“తెల్సు భాయ్. బర్కత్ కోసం. మా అమ్మ గూడ గట్లనే అంటది. శుభం జరుగుతది, లాభం జరుగుతది. నాకు చెప్పకు.”

“హౌ. బర్కత్ భీ హై,” అన్నాడు. బర్కత్ కూడా ఉంది అని. కుర్చీ తిప్పుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. తనవంతు చెప్పేసిన మనిషిలాగే ఉన్నాడు.

ఆయన ఒక బుధవారం సాయంత్రం పోయాడు. ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట, ఆటో వచ్చేలోపే అయిపోయిందట. మరునాడు జాబితా రోజు. వాళ్ళింటికి పోయి ఆడవాళ్ళ మధ్య కాసేపు కూర్చుని, అటునుంచి అటే దవాఖానాకు వచ్చాను. పేషెంట్లకు మనుషులు పోవడంతో సంబంధం లేదు, మాత్రలు కావాలి. ఆయన కుర్చీ ఎత్తు తగ్గించకుండానే కూర్చున్నాను. కాళ్ళు నేలకు అందలేదు. ఆయన రాసిపెట్టిన దాన్నే నడిపించాను. ఫైలు తెరిచాను. మొదటి లైనులో 786. జాబితా తీసింది నేను, పైన చెయ్యి ఆయనది. తెరను చూడలేక కిటికీ వైపు తిరిగాను.

కొన్ని నెలలు అలాగే గడిచాయి. ఆ తరవాత జాబితాలో ఫోన్ నంబర్లు కూడా కావాలన్నారు డాక్టర్లు. ఆయన రాసినదాన్ని పక్కనపెట్టి నా సొంతంగా కొత్తది రాశాను. పంపిన గంటకు బహదూర్‌పురా నుంచి ఫోన్. అక్కడ మందులిచ్చే కాంపౌండరమ్మ చేసింది. నిదానం మనిషి, ఎగతాళి చేస్తున్నా గొంతు మారదు.

“మేడం, ఈ నెల ముగ్గురు కొత్తోళ్ళు చేరిన్రా?”

“లేదే. ఎవరు?”

“ఒకాయన పేరు ‘కార్డ్ నంబర్’ అట. ఇంకొకాయన పేరంత గీతలే ఉన్నది. మూడో ఆయన పేరు ‘రెండువందల పద్నాలుగు రోస్ సెలెక్టెడ్’. ఈయనకు పొద్దుగాల ఎన్ని గోలీలియ్యాలె?”

సిగ్గుతో చచ్చాను. వారం రోజులు కూర్చుని ఆ ప్రోగ్రాము నోరు ఒక్కొక్కటిగా మూయించాను. శీర్షికలు వద్దు. ఎన్ని వరుసలో చెప్పొద్దు. పేజీలుగా విడగొట్టొద్దు. వరుస చివరి ఖాళీలు కోసెయ్యి. ఒక్కొక్కటి పోతుంటే ఫైలు కడిగిన గిన్నెలా తేలుతూ వచ్చింది. ఆ వారమంత సంతోషం నాకు ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు.

అన్నీ పోయాక కూడా పైన ఒకటి మిగిలింది. 786.

నేను రాసినదాంట్లో ఆ అంకె లేదు. ప్రతి అక్షరం వెతికాను. ఆయన పాతదాంట్లోనూ వెతికాను, అందులోనూ లేదు. మళ్ళీ నడిపించాను, వచ్చింది. కంప్యూటర్ ఆపి, మళ్ళీ పెట్టి నడిపించాను, వచ్చింది. ఎండ కిటికీలోంచి నేరుగా తెర మీద పడుతున్న పొద్దుటి పూట, చుట్టూ పేషెంట్లు, పిల్లల ఏడుపులు, నాకు మాత్రం వీపు మీద చల్లగా అయ్యింది. నేను తెర ముందు కూర్చునేలోపే ఎవరో వచ్చి ఒక లైను రాసి లేచిపోతున్నట్టు.

ఆయా చీపురు పట్టుకుని నా వెనక నిలబడి చూస్తోంది.

“భాయ్ ఇంక పోలేదమ్మా,” అంది, భయం లేదు ఆమెకు. “పనంటే పానం ఆయనకు.”

“నువ్వు ఊడువు,” అన్నాను.

మూడు రోజుల తరవాత దొరికింది. ఆ ప్రోగ్రాము మొదలవగానే, మనం ఏమీ టైపు చెయ్యకముందే, ఒక మూల దాచిన చిన్న ఫైలును తనంతట తానే చదువుకుంటుంది. అందులో ఏముంటే అది చేసి, తరవాతే మన మాట వింటుంది. ఆ చిన్న ఫైలులో భాయ్ పెట్టుకున్న అలవాట్లు నాలుగు లైన్లు ఉన్నాయి. నాలుగోది, ఈ అంకె అచ్చువెయ్యమని. అంతే. దయ్యం లేదు, ఏమీ లేదు. దొరకగానే ఊపిరి పీల్చుకున్నాను. ఆ లైను కొట్టేశాను.

ఎందుకు కొట్టేశావంటే, డేటా శుభ్రంగా ఉండాలని, అని చెప్పగలను. అబద్ధం కాదు. కానీ పూర్తి నిజం కూడా కాదు. నెలనెలా ఆ అంకె కనబడితే, ఆయన నాకంటే ముందు ఫైలు చూసినట్టు ఉండేది. భరించలేకపోయాను. పైగా ఆయన బతికుండగా గెలవలేని వాదన ఒకటి మిగిలిపోయింది. చచ్చిపోయిన మనిషితో వాదించి గెలిచాను.

ఎవరికీ ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. మా పాతబస్తీలో కొన్ని పనులు చెప్పి చెయ్యం. గౌలిపుర నుంచి వచ్చే హిందూ మనిషి భాయ్ పోగానే ఫైలు మీది 786 తీసేసిందట అని ఒకరంటారు. ఇన్నాళ్ళూ ఉండనిచ్చిందా అని ఇంకొకరంటారు. రెండు మాటలూ నాకు వద్దు. అందుకని నోరు మూసుకుని తీసేశాను. శీర్షికల గురించి, గీతల గురించి కాంపౌండరమ్మకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. ఈ ఒక్క లైను సంగతి మింగేశాను. అది చెప్పి ఉంటే ఆమె ఏదో ఒకటి అనేది. ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయేది.

కొత్త ఫైలు వెళ్ళింది. మరునాడే ఆమె ఫోన్.

“మేడం, ఒకటో నంబర్ కార్డు చీటీ రాలే.”

జాబితా కార్డు నంబర్ల వరసలో ఉంటుంది. ఒకటో నంబర్ అంటే అన్నిటికన్నా పైన. ఫైలు నా ముందే తెరిచి ఉంది. మొట్టమొదటి లైనులో ఆ పేరు మెరుస్తూ కనబడుతోంది.

“నా ఫైల్ల ఉన్నది. పైననే ఉన్నది. నీ దగ్గర చీటీ ఎక్కడ్నన్న పడిపోయిందేమో, టేబుల్ కింద చూడు.”

“చూసిన మేడం.”

“ఇంకోసారి చూడు. ఇంత శుభ్రమైన ఫైలు మీకెవరు పంపలే ఇప్పటిదాక.”

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ నెలా, తరవాతి నెలా మిగిలిన మాత్రలు కొన్ని ఏరి, నియమం తప్పి, ఆ మనిషికి ఇచ్చి పంపిందని నాకు చాలా తరవాత తెలిసింది.

ఒకటో నంబర్ కార్డు మనిషి మా గౌలిపురావిడే. మా ఇంటికి రెండు గల్లీల అవతల పాల ఇల్లు వాళ్ళది. దవాఖానా తెరిచిన మొదటి రోజున వాళ్ళ నాయన ఎత్తుకుని వచ్చిన పిల్ల, ఇప్పుడు ముప్పై దాటింది. ఫిట్స్ వచ్చేవాళ్ళను పొయ్యి దగ్గరికి రానివ్వరు. చిన్నప్పుడు ఆమెనూ రానివ్వలేదు. మాత్రలు పడి, పదకొండేళ్ళు ఒక్క ఫిట్ కూడా రాకపోతే, నడుమ ఎప్పుడో ఆమె అన్న ధైర్యం చేసి కోవా కడాయి దగ్గర కూర్చోబెట్టాడు. ఆ ఇంటి కోవాకు పేరొచ్చింది ఆమె చేతిలోనే. పండగలకు మా ఇంటికీ అక్కడి నుంచే తెచ్చుకుంటాం. గంటల తరబడి కదలకుండా పాలను తిప్పడం, అదే ఆమె ఉద్యోగం, అదే ఆమెకు ఆ ఇంట్లో ఉన్న కుర్చీ.

రెండో నెల కూడా చీటీ రాలేదు. ఈసారి ఆమే దబీర్‌పురా వచ్చింది. పొద్దున పదకొండు గంటలప్పుడు, కౌంటర్ దగ్గర చాలాసేపు పక్కకు నిలబడి, అందరూ పోయాక ముందుకు వచ్చింది.

“మేడం, నా చీటీ వస్తలేదట.”

“ఎందుకు రాదు?” నేను తెర ఆమె వైపు తిప్పాను. “ఇగో. పైన మొట్టమొదటి పేరు ఎవరిది? చదువు.”

“నాదే మేడం.”

“మరి? ఇక్కడికెందుకొచ్చినవ్? అక్కడ వాళ్ళను అడుగు. గట్టిగ అడుగు. గిట్ల మెల్లగ మాట్లాడితే ఈ ఊర్ల ఎవరు ఇనరు.”

ఆమె తెర మీద తన పేరు ఇంకోసారి చూసుకుంది. సంచీ మడతపెట్టుకుంది. “సరే మేడం,” అని పోయింది. నేను ఆ పూట ఇంకో ఇద్దరితో తగువు పెట్టుకుని, సాయంత్రానికి ఆమెను మరిచిపోయాను.

పది రోజుల తరవాత డాక్టర్ గది నుంచి కార్డుల కట్ట నా టేబుల్ మీదికి వచ్చింది. రోజూ వస్తుంది. వాటిలో ఉన్నది నేను డేటాబేసులో ఎక్కించాలి. పైన ఒకటో నంబర్ కార్డు. డాక్టర్ రాసింది ఇదీ: ఫిట్స్ ఒకసారి. కడాయి మీద పడింది. కుడి మోచేయి నుంచి మణికట్టు దాకా కాలింది. రెండు నెలలుగా మాత్ర సగం చేసి వేసుకుంటోంది.

చివరిసారి ఫిట్స్ వచ్చిన తేదీ దగ్గరికి పోయాను. పదకొండేళ్ళ కిందటి తేదీ అక్కడ అలాగే ఉంది. దాని మీద నీలం రంగు పడింది. కొత్త తేదీ టైపు చెయ్యగానే పాతది పోయింది. పదకొండేళ్ళు నా వేలి కింద చెరిగిపోయాయి. స్టేషన్లోంచి రైలు కదిలింది. టేబుల్ వణికింది. పక్కన భాయ్ టేబుల్ కూడా వణుకుతూ ఉంది.

లేచి, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి బహదూర్‌పురా పోయాను. కాంపౌండరమ్మ నన్ను చూడగానే లేచి నిలబడింది.

“మేడం, నా తప్పు లేదు.”

“ఉన్నదని ఎవరన్నరు? కూసో. ఈ నెల ఫైలు మళ్ళ ఎక్కియ్యి. నేను చూస్త.”

ఆమె ఎక్కించింది. జూ వైపు నుంచి సింహం గొంతు వచ్చింది. ఆ గదిలో ఎవరూ తల ఎత్తరు, అలవాటు. నేను ఉలిక్కిపడ్డాను. తెర మీద పేర్లు రెండో నంబర్ నుంచి మొదలయ్యాయి. ఫైలు ఎక్కించే చోట ఒక చిన్న గడి, అందులో టిక్ గుర్తు, పక్కన ఇంగ్లిషులో ఒక మాట: మొదటి లైను శీర్షిక. అంటే మొదటి లైను ఏదైనా సరే, ఆ యంత్రం దాన్ని శీర్షిక అనుకుని పక్కన పడేస్తుంది. రెండో లైను నుంచే మనుషులు అనుకుంటుంది. టిక్ తీసి చూశాను. ఫైలునే తీసుకోనని మొండికేసింది. మళ్ళీ పెట్టాను.

ఇక నాకు చెప్పేవాళ్ళ అవసరం లేదు. మా ప్రోగ్రాము శీర్షికలు వేస్తే దాని కింద గీతల లైను కూడా వేస్తుంది. ఒకటి ఈ యంత్రం మింగుతుంది, గీతలు పేషెంట్ అవుతాయి. శీర్షికలు ఆపేస్తే మొదటి పేషెంటును మింగుతుంది. కావలసింది ఒకే ఒక్క లైను. మింగడానికి పడేసే లైను. భాయ్ ఆ జాగాలో ఏదో ఒకటి పెట్టాలి, తన చేతికి మొదట వచ్చింది పెట్టాడు.

“ఈ టిక్ ఎవరు పెట్టిన్రు?”

“భాయే పెట్టిండు మేడం, ఈ మిషన్ వచ్చినప్పుడు. దీన్ని ఎన్నడు ముట్టకమ్మా, ఏమన్న అయితే బాజీకి ఎరుకే, చెప్పిన అన్నడు. నేను ముట్టలే.”

“నాకు ఎరుక లేదు,” అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. చెప్పిన అన్నాడు. నిజమే, చెప్పాడు. కుర్చీ నా వైపు తిప్పుకుని, సగం వాక్యం చెప్పాడు. మిగతా సగం నాకు తెలుసని నేనే కదా అన్నాను. అంత గట్టిగా అంటే తెలుసేమో అనుకున్నాడు పాపం.

అదే రోజు ఆ చిన్న ఫైలులో నాలుగో లైను మళ్ళీ పెట్టాను. డాక్టర్‌కు అంతా చెప్పాను. ఆయన కేకలెయ్యలేదు. రాసి గోడకు అంటించండి అన్నారు. మొదటి లైను ఎవరూ తీయకూడదని, ఎందుకు తీయకూడదో కింద వివరంగా, కాగితం మీద రాశాను. అంటించాక ఆయా చదివించుకుని విని, “పైన ‘శ్రీ’ రాశినవ్ గదమ్మా,” అంది. చూస్తే నిజమే, రాసి ఉంది. భాయ్ గురించి నేను భయపడిన మాటలు ఒక్కరూ అనలేదు. అవి వట్టి నా తలలో ఉన్న మాటలు.

ఆదివారం పొద్దున ఆ పాల ఇంటికి పోయాను. అడుగంటిన పాల వాసన గల్లీ మొదట్లోనే తగిలింది. లోపల పొయ్యి ముందు ఆమె వదిన గరిటె తిప్పుతోంది. ఆమె గడప బయట, కుడి చేతికి కట్టు, ఎడమ చేత్తో క్యాన్లు తోముతోంది.

“అక్కా, కోవా ఇంక గాలే,” వదిన లోపలి నుంచి అంది. “గంట పడ్తది.”

“కోవాకు రాలే.”

గడప మీద కూర్చుని ఆమెకు చెప్పాను. యంత్రం మొదటి లైను మింగుతుందని, అక్కడ ముందు ఒక అంకె ఉండేదని, దాన్ని తీసింది నేనని. ఆమె క్యాను తోమడం ఆపలేదు. నేను చెప్పేది అయిపోయింది. ఇంకేం చెయ్యాలో తెలియక, అలవాటు కొద్దీ ఆమె మీదికే పోయాను.

“నువ్వన్న ఇంకోసారి అడగరాదా? సగం గోలీలు మింగుతున్ననని ఒక్క మాటంటే అయిపోతుండె గదా.”

“అందామనే వచ్చిన మేడం,” అంది. “మీరు అరుస్తరని...”

వదిన లోపలి నుంచి “ఏయ్” అంది. ఆమె తల దించుకుంది. గరిటె చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది.

క్యాను బోర్లించి, ఆమే అడిగింది.

“పైన ఎప్పటికి నా పేరే ఉంటదా మేడం?”

“నీదే. ఒకటో నంబర్ గదా.”

“జెర కిందికి జరపరాదు?”

“జరుపుత.”

“మరి పైన ఎవర్ని పెడ్తరు?”

“ఏ మనిషిని పెట్ట. ఆ అంకె మళ్ళ పెట్టిన.”

ఆమె ఇంకో క్యాను అందుకుంది. “అంకెకేం గాదు గద,” అంది. అనుమానంగానే అంది.

“పొయ్యి దగ్గరికి?” అని అడిగాను, వదినను చూసి.

“ఏడాది చూద్దామంటున్నడు మా ఆయన. ఏడాది రాకుంటే అప్పుడు జూద్దామని. నాకు ఈమె తీరుగ రాదక్కా. రోజు అడుగంటుతున్నది.”

లేచేటప్పుడు ఆమె ఎడమ చేత్తో నీళ్ళ గ్లాసు ఇచ్చింది. గ్లాసు పాల వాసన వేసింది. పూర్తిగా తాగాను.

ఇప్పుడు జాబితా కార్డు నంబర్ల వరసలో ఉండదు. గల్లీల పేర్ల వరసలో తీస్తాను. ఆమె పేరు ఎక్కడో నడిమిట్ల పడుతుంది. పైన 786 ఉంటుంది. నెలనెలా ఫైలు పంపాక ఫోన్ పట్టుకుని కూర్చుంటాను. నేను మొదటి పేరు చదువుతాను, కాంపౌండరమ్మ ఉందంటుంది. చివరి పేరు చదువుతాను, ఉందంటుంది. నడిమిట్ల ఒక పేరు చదువుతాను. ఆ పేరు దగ్గర ఇద్దరం కాస్త ఆగుతాం.

ఫైలు తీసేముందు కూడా ఒక్క క్షణం ఆగడం అలవాటైంది. నల్ల తెర మీద ఇంకా ఏమీ రాదు. నేను ఏమీ టైపు చెయ్యకముందే ఆ ప్రోగ్రాము ఆ మూల ఫైలు తెరిచి, ఆయన చెప్పింది చదువుకుంటోందని నాకు తెలుసు. అప్పుడు నా నోటికి ఏ మాట వచ్చినా అనను. వో లైన్ ఇసీలియే, అని వినిపిస్తుంది. తరవాతి మాట నాకు ఇప్పుడు తెలుసు. అయినా చెప్పనిస్తాను. ఎవరూ చెప్పరు. అంకె వస్తుంది.

మొదటి నెలల్లో మందులిచ్చే రోజు నేనే బహదూర్‌పురా పోయి ఒక పక్కన నిలబడ్డాను. ఇప్పుడూ పోతున్నాను. ఆమె ఎడమ చేత్తో పొట్లం తీసుకుంటుంది. మిగతావాళ్ళు సంచీలో వేసుకుని పోతారు. ఆమె కౌంటర్ మీదే విప్పి, మాత్రలు ఒక్కొక్కటి పక్కకు జరుపుతూ లెక్కపెట్టుకుంటుంది. వెనక వరసలో వాళ్ళు గొణుగుతారు. నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. ఆ చీటీ మీద చివరిసారి ఫిట్స్ వచ్చిన తేదీ ఉంటుంది. దానికి ఇప్పటికి తొమ్మిది నెలలు. ఇంకా మూడు కావాలి. వెనకవాళ్ళు మళ్ళీ గొణిగితే నేను తిరిగి చూస్తాను. నా నోరు ఆ ఒక్క పనికి ఇంకా పనికొస్తుంది.

“ఆగున్రి,” అంటాను. “లెక్కవెట్టుకోనియ్యిన్రి.”